పడిశమని పొరబడిన జ్వరము

ఊఱగాయ జాడీలకు బూజు పట్టకుండ కాపాడుకొను విధమును ఈ సంచికలో వ్రాయుదునని పోయిన మాసము సోదరీమణులకు మాట యిచ్చితిని. ఆ మాటను ఒక నెల వెనుకకు జరుపుచున్నందుకు మన్నింపవలెను. ఇంతలో నాకొక ఉత్తరము వచ్చినది. వ్రాసిన సోదరి పేరు పెట్టలేదు. అక్షరములు ముత్యములవలె నున్నవి గాని, రెండు మూడు చోట్ల కొట్టివేసి మఱల వ్రాసినది. ఆమె ప్రశ్న యిది: "హెచ్.ఐ.వి. మొదట పడిశపు జ్వరమువలెనే వచ్చి పోవునని యెక్కడనో చదివితిని. అది నిజమా? నిజమైనచో మనబోటి యిల్లాండ్రు దానిని పోల్చుకొనుట యెట్లు? ఇంట నెవ్వరి నడుగుటకును నోరు రాక మిమ్ము అడుగుచున్నాను."

నిజమేనమ్మా. నీవడిగిన ప్రశ్ననే నేను మూడేండ్లనుండి నన్ను నేను అడుగుకొనుచున్నాను. ఏల యనగా, ఆ జ్వరమును నా చేతులతో తాకి చూచియు, నేను పోల్చుకొనలేకపోతిని. ఈ కథను, ఇందు బాధపడిన యామె అనుమతి గైకొనియే వ్రాయుచున్నాను. ఊరును పేరును మాత్రము చెప్పను.

నాలుగేండ్ల క్రిందటి మాట. నా పినతల్లి కుమారుడు, అనగా నాకు తమ్ముడే, పెండ్లియైన యేడాదికి పొరుగు రాష్ట్రములో రహదారి పనులకు కుదిరెను. మూడు నెలల కొకమాఱు వచ్చి పోవుచుండెడివాడు. మరదలు అత్తగారితో మా వీధిలోనే యుండెడిది. ఆ యేడు దసరాకు తమ్ముడు వచ్చినప్పుడు కొంచెము చిక్కియుండెను. "పని దగ్గఱ జ్వరము వచ్చినదక్కా, తగ్గిపోయినది" అనెను. అక్కనుగదా, పప్పులో నింకొక గరిటె నేయి వేసి పంపితిని. అంతకుమించి నాకేమియు తోచలేదు.

దీపావళి నాటికి మరదలు మంచము పట్టెను. జ్వరము 102 డిగ్రీలు. గొంతు మ్రింగుడు పడదు. మెడకు రెండు ప్రక్కల బిళ్ళలు కట్టినవి. ఒడలంతయు నొప్పులు, రాత్రివేళ తలదిండు తడియునంత చెమట. మూడవనాడు మెడమీదను ఱొమ్ముమీదను ఎఱ్ఱని చిన్న చిన్న మచ్చలు లేచినవి. దురద లేదు. నోరు పూసినది. "వేడి చేసినదమ్మా" అని మజ్జిగ త్రావించితిని. మిరియములు, శొంఠి, ధనియములు వేసి కషాయము కాచితిని. ఆ దినములలో ఊరిలో ఇంటింట జ్వరమే. పట్టణములోని వైద్యులు డెంగీ పరీక్ష చేయించిరి, లేదని వచ్చెను. వైరస్ జ్వరమనియు, విశ్రాంతి తీసికొనుమనియు చెప్పి పంపిరి. తొమ్మిదవ నాటికి జ్వరము దిగినది. తలకు పోసి, పథ్యము పెట్టి, నా కషాయపు మహిమను నాలుగిండ్లలో చెప్పుకొంటిని.

పడిశమనుటకు ముక్కయినను కారవలెను గదా! ఆ పిల్ల ఒక్క తుమ్ము తుమ్మలేదు, ఒక్క దగ్గు దగ్గలేదు. అది నాకు అప్పుడు పట్టలేదు.

పదునాలుగు నెలలు గడచినవి. మరదలికి మూడవ నెల. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో గర్భిణులందఱకు చేయునట్లే రక్తపరీక్ష చేసిరి. రెండవమాఱు రమ్మనిరి. మూడవ పరీక్షయు అయిన పిమ్మట సలహాదారు ఆమెను లోపలకు పిలిచి కూర్చుండబెట్టి చెప్పినది. ఆ సాయంకాలము ఆమె మా ఇంటికి వచ్చి, వంటింటి గడపమీద కూర్చుండి, ఏడువక నన్ను అడిగిన మాట యొక్కటే: "వదినా, ఆ దీపావళి జ్వరమేనా?"

అదేనని నిర్ధారణగా నెవ్వరును చెప్పజాలరు. కావచ్చునని వైద్యులనిరి. తరువాత తమ్మునికిని పరీక్ష చేయగా అతనికిని ఉన్నదని తేలెను. పని దగ్గఱ తనకు వచ్చిన జ్వరమునకు ముందు ఏమి జరిగినదో అతడు తల వంచుకొని తానే చెప్పెను. నేను లెక్క వేసితిని. దసరానుండి దీపావళికి ఇరువది దినములు. ఈ లెక్క నాడే వేయవలసినది.

ఇక సోదరి ప్రశ్నకు వత్తును. హెచ్.ఐ.వి. యను వైరస్ మన రక్తములో రోగములను ఎదుర్కొను తెల్లకణములలోనే, అందును సీ.డీ.4 అను జాతి కణములలో, దూరి తన సంతతిని పెంచుకొనును. కోటకు కావలి కాయు భటుల యిండ్లలోనే శత్రువు కాపురము పెట్టుట వంటిది. తొలివారములలో దేహమునకు దాని జాడ తెలియదు. అది లెక్కకు మీఱి పెరిగిన పిమ్మట దేహము మేల్కొని తిరుగబడును. ఆ పోరాటమే పైకి జ్వరముగ కనబడును. ఇది సాధారణముగా వైరస్ ప్రవేశించిన 2 మొదలు 4 వారములలో వచ్చి, కొన్ని దినములు మొదలు రెండు వారముల వఱకు ఉండును. ఒకరిద్దఱికి అంతకంటె ఎక్కువకాలమును ఉండవచ్చును. పిమ్మట దేహము కొంత పట్టు సాధించును, జ్వరము పోవును. వైరస్ మాత్రము పోదు. మందు లేనిచో ఎనిమిది పదేండ్లయినను పైకి ఏ గుర్తును లేక లోలోపల కణములను తఱుగజేయుచుండును. నా కషాయము గెలిచినదని నేను మురిసిన తొమ్మిదవనాడు జరిగినది ఇంతే.

ఈ తొలిజ్వరమును 1985లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరపు వైద్యుడు డేవిడ్ కూపరును, ఆయన సహచరులును లాన్సెట్ అను వైద్యపత్రికలో వివరించిరి. జ్వరమునకు ముందటి రక్తములో లేని ప్రతిరక్షకములు జ్వరమునకు తరువాతి రక్తములో కనబడుటనుబట్టి, ఈ జ్వరమునకును ఆ వైరస్‌నకును గల సంబంధము తేలినది. కాన ఇది వైద్యలోకమునకు క్రొత్త సంగతి కాదు. మన వంటిండ్లకు మాత్రము ఇంకను చేరలేదు.

గుర్తులను మరదలి విషయముననే చాలవఱకు చెప్పితిని. జ్వరము, గొంతునొప్పి, మెడలోను చంకలలోను గజ్జలలోను బిళ్ళలు కట్టుట, మచ్చలు, నోటిపూత, ఒడలినొప్పులు, తలనొప్పి, మిక్కిలి నీరసము, రాత్రి చెమటలు, కొందఱికి విరేచనములు. ఇవన్నియు ఒక్కరికే రావలెనని లేదు. ఇన్‌ఫ్లుయెంజా యైనచో సోకిన ఒకటి మొదలు నాలుగు దినములలోనే వచ్చును. దగ్గును ముక్కు కారుటయు వెంటబెట్టుకొని వచ్చును. ఒంటిమీద మచ్చలును నోటిలో పుండ్లును దానికి సహజములు కావు. కావున దగ్గు, పడిశములు లేని జ్వరమునకు మచ్చలు, నోటిపూత, బిళ్ళలు తోడైనప్పుడు ఒక క్షణము ఆగి ఆలోచింపవలెను.

ఆలోచింపవలెననుచున్నాను గాని హెచ్.ఐ.వి. అని నిర్ణయింపుమనుట లేదు. నా చిన్ననాట మా తండ్రిగారు నాకు భారతము చెప్పుచు, శాంతిపర్వములోని జ్వరోత్పత్తి కథ వినిపించిరి. దక్షయజ్ఞ సమయమున శివుని చెమట బొట్టునుండి జ్వరము పుట్టగా, ఒక్కచోట నుండిన లోకము భరింపలేదని దానిని పలువిధములుగ పంచిరట. పాములకది కుబుసమైనదట, కొండలకు శిలాజతువైనదట, నేలకు చవుడైనదట. అక్కడ ఒకే జ్వరమునకు అనేక రూపములు. మన దేహములో దీనికి తలక్రిందుగా అనేక రోగములకు ఒకే రూపము. డెంగీకిని మచ్చలు వచ్చును, చికున్‌గున్యాకును వచ్చును. బిళ్ళలు కట్టు వేఱు వైరస్ జ్వరములును కలవు. మచ్చలు చూచి గుండె చెదరనక్కఱలేదు. మఱియు ఈ తొలిజ్వరము కొందఱికి అసలే రాదు, వచ్చినను గుర్తింపరానంత తేలికగ పోవును. కాబట్టి జ్వరము వచ్చినంతమాత్రమున హెచ్.ఐ.వి. ఉన్నట్లు కాదు, రానంతమాత్రమున లేనట్లును కాదు.

అట్లయిన మన చేతిలో నున్నదేమి? పంచాంగమున్నది. జ్వరము వచ్చిన దినమునుండి వెనుకకు నాలుగు వారములు, కొంచెము ఉదారముగ ఆఱు వారములు, లెక్కించుకొనవలెను. ఆ నడుమ కండోము లేని సంగమము, అది వివాహబంధములోనే యైనను సరియే, భర్త రక్తపు సంగతి తెలియనిచో లెక్కకు వచ్చును. ఒకరికి వాడిన సూదిని మఱియొకరికి వాడుట, ఊరిలో అనుభవము లేనివారిచేత ఇంజెక్షను పొడిపించుకొనుట, రక్తము ఎక్కించుకొనుట కూడ లెక్కలోనివే. ఇట్టిది ఏదియు లేనిచో ఈ చింత విడిచి, డెంగీ మొదలగువాని సంగతి చూచుకొనవచ్చును. ఉన్నచో వైద్యునితో నోరు విప్పి "నాకు హెచ్.ఐ.వి. పరీక్షయు చేయింపుడు" అని పేరు పెట్టి అడుగవలెను. అడుగనిదే ఆయనకు తోచకపోవచ్చును. మా మరదలికి డెంగీ పరీక్ష చేసినవారు దీనిని చేయలేదని నేను నిందింపను. వారికి దసరా సంగతి తెలియదు. తెలిసినదానను నేను.

ఇక్కడ ఒక మెలిక యున్నది. చదువరులు దీనిని రెండుమాఱులు చదువుదురు గాక. జ్వరముతో నున్న వారములోనే పరీక్ష చేయించినచో, వైరస్ నిండుగ నున్నను "లేదు" అని రావచ్చును! సామాన్యముగా వేలు గ్రుచ్చి చేయు త్వరిత పరీక్ష వైరస్‌ను వెదకదు. దానిపై దేహము తయారుచేసుకొన్న ప్రతిరక్షకములను వెదకును. అవి పరీక్షకు అందునంతగ పెరుగుటకు సోకిన దినమునుండి 23 మొదలు 90 దినములు పట్టును. నరమునుండి రక్తము తీసి, ప్రతిరక్షకములతోబాటు వైరస్ భాగమైన పీ24 అను పదార్థమును గూడ వెదకు ప్రయోగశాల పరీక్ష 18 మొదలు 45 దినములలో పట్టగలదు. వైరస్ యొక్క జన్యుపదార్థమునే వెదకు పరీక్ష అన్నిటికంటె ముందు, 10 మొదలు 33 దినములలో, చూపును. అది ఖరీదైనది, అంతట దొరకదు. కావున మొదట "లేదు" అని వచ్చినను అంతటితో కాగితము మడిచి పెట్టెలో పెట్టరాదు. ఆఱు వారములకు ఒకమాఱు, మూడు నెలలు నిండిన పిమ్మట మఱియొకమాఱు చేయించుకొనవలెను. ఈ నడిమి కాలమున కండోము లేక సంగమము కూడదు. ఏల యనగా రక్తములో వైరస్ అత్యధికముగ నుండి, ఇతరులకు మిక్కిలి సులభముగ సోకు కాలమిదియే. దసరాకు తమ్ముడు చిక్కి వచ్చినాడంటిని గదా, ఆ దినములే అవి కావచ్చును.

ప్రమాదము జరిగినదని వెంటనే తెలిసినచో, జ్వరముకొఱకు వేచియుండ బనిలేదు. 72 గంటలలోపల, ఎంత త్వరగ నైన అంత మేలు, మందు మొదలుపెట్టి 28 దినములు వాడినచో సోకకుండ ఆపు అవకాశము మెండు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో అడుగవలెను. మూడు దినములు దాటినచో ఈ మందు పనికిరాదు.

మొగము చూచి ఈ వ్యాధిని చెప్పవచ్చుననుకొనువారికి ఒక సంగతి చెప్పెదను. మన దేశములో హెచ్.ఐ.వి. మొదట బయటపడినది 1986లో మద్రాసులో. డాక్టరు సునీతి సాలమన్‌గారి ప్రోత్సాహముతో నిర్మల యను విద్యార్థిని, పెండ్లియై ఇద్దఱు బిడ్డల తల్లి, పరిశోధనకై స్త్రీల రక్తపు నమూనాలను సేకరించెను. వానిని భద్రపఱచు వసతి లేక తన యింటి ఫ్రిజ్‌లోనే ఉంచుకొనెనట! పాలగిన్నె ప్రక్కన రక్తపు సీసాలు! ఆమె భర్తయే ఆమెను స్కూటరుమీద దింపి వచ్చుచుండెడివాడట. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షింపగా ఆఱుగురి రక్తములో ప్రతిరక్షకములు కనబడినవి. ఈ వ్యాధి మన దేశమునకు రాదని చాలమంది నమ్మియున్న కాలమది. అంత పెద్ద సంగతి ఒక యిల్లాలి ఫ్రిజ్‌లోనుండి బయటకు వచ్చినదని తలచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యమగును.

"భర్తను అడుగుట యెట్లు?" అని సోదరి వ్రాయకున్నను, కొట్టివేసిన పంక్తులలో ఆ ప్రశ్నయే యున్నదని నా ఊహ. ఆడది అనుమానించినచో కాపురము కూలునని మనకు చిన్ననాటనుండి నూఱిపోసినారు. 2021 నాటి జాతీయ అంచనాల ప్రకారము ఈ వైరస్‌తో జీవించుచున్నవారు దేశమున ఇరువదినాలుగు లక్షలు. అందు స్త్రీలు నూటికి నలుబదియైదుగురికి దగ్గఱ. పెద్దవారిలో దేశమంతట నూటికి 0.21 పాళ్ళుండగా తెలంగాణమున 0.47, ఆంధ్రప్రదేశమున 0.67. ఈ స్త్రీలలో పెక్కుమంది భర్తను తప్ప అన్యుని ఎఱుగనివారు. వారి శీలము వారిని కాపాడలేదు. నా మరదలి తరువాత నేను మా వారితో "మనమిద్దఱమును ఒకమాఱు చేయించుకొందము" అంటిని. పదునైదేండ్ల కాపురము మాది. ఆయన చేతుల కింకను సుద్దపొడి యున్నది. కొంతసేపు నావంక చూచి, "సోమవారము సెలవు పెట్టెదను" అనిరి, అంతే. అందఱి యిండ్లలో ఇంత సులువుగ జరుగునని చెప్పను. కొట్టు భర్త, తరిమివేయు అత్తగారు కలచోట ఒంటరిగ పోయి చేయించుకొనుటయే మేలు. ఐ.సి.టి.సి. అని జనులు పిలుచు ప్రభుత్వ పరీక్షా కేంద్రములలో రుసుము లేదు, ఫలితమును ఇతరులకు చెప్పరు. 1097 అను నంబరునకు ఖర్చు లేకుండ ఫోను చేసి, పేరు చెప్పకయే సలహా అడుగవచ్చును.

ఉన్నదని తేలినచో ఏమగును? 2004 ఏప్రిలు 1 నుండి ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రములలో మందులు ఉచితము. 2017 నుండి, కణముల సంఖ్య ఎంత యున్నను, తేలినవెంటనే మందు మొదలుపెట్టుచున్నారు. వ్యాధిని వేళ్ళతో పెకలించు మందు ఇంకను లేదు. ఐనను తప్పక వేసికొన్నచో రక్తములో వైరస్ పరీక్షకు అందనంత తక్కువకు దిగును. అట్లు దిగి నిలిచినవారినుండి సంగమమువలన ఇతరులకు సోకదు. తల్లికి మందు లేనిచో బిడ్డకు నూటికి 15 మొదలు 45 వఱకు సోకు అవకాశము కలదు. మందుతో 5కు లోపే. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము, ఈ కారణమున స్త్రీని తానుండు ఉమ్మడి యింటినుండి వెడలగొట్టుట నేరుగ నిషిద్ధము. మా పినతల్లికి మా వారు ఆ చట్టమును చదివి వినిపింపవలసి వచ్చినది. గిన్నెలు వేఱు పెట్టిన మొదటి వారమున ఆమెతో వాదించుట నాకు చేతకాలేదు. కలిసి భుజించుటవలన, తాకుటవలన, దోమకాటువలన ఇది సోకదని పదిమాఱులు చెప్పితిని. ఆమె తల యూపి, గిన్నెలు వేఱుగనే తోమినది. నాలుగవ నెలలో ఏమనుకొన్నదో, తానే కోడలి కంచములో ముద్ద కలిపి పెట్టినది.

మరదలికి ఆ మాఘమునుండియే మందు మొదలుపెట్టిరి. బిడ్డకు పుట్టినవెంటనే చుక్కలమందు పోసి, ఆఱవ వారమునను ఆఱవ నెలలోను ఏడాదికిని పరీక్షించి, పదునెనిమిదవ నెలలో కడపటి పరీక్ష చేసిరి. లేదు. ఆ కాగితమును మరదలు మొదట నాకే చూపినది. తమ్ముడు పరదేశపు పని మాని ఊరిలోనే యున్నాడు. రాత్రి తొమ్మిది కాగానే ఇద్దఱికిని గోళీలు తెచ్చి మంచినీళ్ళ చెంబు ప్రక్కన పెట్టుట వాని పని. వానితో నేను మునుపటివలె మాటలాడుటకు రెండేండ్లు పట్టినది.

పేరు వ్రాయని సోదరీ, నీ యుత్తరములో జ్వరము వచ్చిన తేది యున్నది గాని, అంతకు ముందటి నాలుగు వారముల మాట లేదు. అది నాకు వ్రాయనక్కఱలేదు. నీవు లెక్కించుకొనిన చాలును. నీ జ్వరమునకు ఈ మాసాంతమునకు రెండు నెలలగును. ఇప్పుడొకమాఱు పరీక్ష చేయించుకొని, లేదని వచ్చినను వచ్చు నెలాఖరున మఱియొకమాఱు పోవలెను. ఊఱగాయ జాడీల సంగతి వచ్చు సంచికలో తప్పక వ్రాయుదును.